ఫారం-5 పంపే ముందు బీమా కాగితాలతో సరిచూసుకోవాల్సినవి

పరిశ్రమలు కాలుష్య నియంత్రణ మండలికి ఏటా పర్యావరణ ప్రకటన (ఫారం-5) పంపడానికి గడువు సెప్టెంబరు 30. సంతకం పెట్టేముందు:

• ఫారంలోని పార్ట్-సి (బయటికి వదిలిన కాలుష్యం లెక్క) అంకెలు, బీమా ప్రపోజల్‌లో (పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తులో) చెప్పినవి ఒకటేనా? వ్యర్థజలంలో సీఓడీ (రసాయన ఆక్సిజన్ డిమాండ్, నీటి కాలుష్యాన్ని కొలిచే అంకె) పరిమితి దాటిందని ఫారంలో రాసి, ప్రపోజల్‌లో "ఉల్లంఘనలు లేవు" అని టిక్ పెడితే, వాస్తవం దాచారంటూ క్లెయిమ్ మొత్తం తిరస్కరించే వీలుంది. అలాగని ఫారంలో అంకె తగ్గించొద్దు, అది ఇంకా పెద్ద తప్పు. లెక్క ఉన్నదున్నట్టు రాసి, బీమా కంపెనీకే లిఖితంగా తెలపండి, అందినట్టు రసీదు తీసుకోండి.

• కొత్త రసాయనం వచ్చిందా, అమ్మోనియా ట్యాంకు ఒకటి రెండైందా? పాలసీ షెడ్యూలులో (బీమా వర్తించే వివరాల పట్టికలో) ఎక్కించండి. ఎక్కని సరుకుతో ప్రమాదం జరిగితే వివాదం ఖాయం.

• వార్షిక నివేదికలో "పర్యావరణ ముప్పులన్నిటికీ బీమా ఉంది" అనే వాక్యం ఉంటే కొట్టేయండి. 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం కింద తీసుకునే పాలసీ ప్రమాదానికే. ఏళ్ల తరబడి భూగర్భజలంలోకి ఇంకిన కాలుష్యానికి వేరే కవరు కావాలి. మదుపరులు ఆ వాక్యాన్ని నమ్మే డబ్బు పెడతారు.

• ప్రమాద బాధితుల కోసం అదే చట్టం కింద పెట్టిన పర్యావరణ సహాయ నిధికి ప్రీమియంతో సమానంగా కట్టిన రసీదు ఫైలులో ఉందా?

• పాలసీ రెన్యువల్ తేదీ చూసుకోండి. పాత పాలసీకీ కొత్తదానికీ మధ్యలో ఒక్కరోజు ఖాళీ వచ్చినా ఆ చట్టం ప్రకారం ఉల్లంఘనే.