కొండ అడ్డున్నా సిగ్నల్ అందుతుందో లేదో ముందే లెక్క కట్టడం ఎలా

అరకు, పాడేరు లాంటి కొండ ప్రాంతంలో రెండు చోట్ల వీహెచ్‌ఎఫ్ సెట్లు (వాకీటాకీల్లాంటి రేడియోలు) పెట్టాలంటే అందరూ ముందు అడిగేది "ఇక్కణ్నుంచి అక్కడికి కనిపిస్తుందా?" అనే. కనిపించకపోయినా చాలాసార్లు పని జరుగుతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్ల పైనే, అది కొండ అంచు మీదుగా కొంత కిందికి వంగుతుంది. కాబట్టి కొండ ఎన్ని డెసిబెల్స్ మింగుతుందో చూడాలి (డెసిబెల్ అంటే సిగ్నల్ బలం ఎంత తగ్గిందో చెప్పే కొలత, ప్రతి 10 డెసిబెల్స్‌కు బలం పదో వంతు అవుతుంది).

ముందు గూగుల్ ఎర్త్‌లో రెండు చోట్ల మధ్య గీత గీసి, ఎలివేషన్ ప్రొఫైల్ (ఆ గీత పొడుగునా నేల ఎత్తు చూపే గ్రాఫ్) తీయండి. దూరం ఎక్కువైతే భూమి గుండ్రదనం కూడా కలపాలి: కొండకు అటూ ఇటూ ఉన్న దూరాలను కిలోమీటర్లలో గుణించి 17తో భాగిస్తే, నేల ఎత్తుకు ఎన్ని మీటర్లు కలపాలో వస్తుంది. 20 కిలోమీటర్ల దారిలో మధ్యన ఇది 6 మీటర్లే, 80 కిలోమీటర్లకైతే 94. ఇప్పుడు యాంటెన్నా కొస నుంచి కొసకు సూటిగా గీత గీసి, కొండ దానికంటే ఎంత పైకి వచ్చిందో చూడండి.

20 కిలోమీటర్ల దారిలో సరిగ్గా మధ్యన కొండ ఉందనుకుందాం. శిఖరం గీతను తాకితేనే 6 డెసిబెల్స్ పోతాయి, 60 మీటర్లు పైకొస్తే దాదాపు 13, వంద మీటర్లయితే 16. అదే 60 మీటర్ల కొండ 5.8 గిగాహెర్ట్జ్ వైఫై లింకుకు 27 డెసిబెల్స్ తినేస్తుంది. ఇవి కత్తి అంచులా సన్నగా ఉండే కొండ లెక్కలు. గుండ్రటి కొండ, దాని మీద అడవి, వరసగా రెండు మూడు గుట్టలు ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది.

ఇక మిగులు చూద్దాం. 5 వాట్లంటే 37 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే బలం). ఏ అడ్డూ లేని 20 కిలోమీటర్లకు 102 పోతే చేరేది మైనస్ 65. మంచి ఎఫ్ఎం సెట్టు మైనస్ 120 దాకా వింటుంది, అంటే చేతిలో 55 ఉంది. అందులోంచి కొండ నష్టం తీసేశాక కనీసం 20 మిగలకపోతే ఆ లింకును నేనైతే నమ్మను.

చేత్తో విసుగనిపిస్తే రేడియో మొబైల్ సాఫ్ట్‌వేర్ వాడండి, నేల ఎత్తుపల్లాలను బట్టి నష్టం అంచనా వేసే లాంగ్లీ-రైస్ పద్ధతిలో ఇదంతా అదే చేస్తుంది. మొబైల్ సిగ్నల్ నష్టం అంచనాకు వాడే హటా ఫార్ములా మాత్రం ఇక్కడ వద్దు, దాని మూలం టోక్యో చుట్టుపక్కల తీసిన కొలతలు, మీ దారిలోని కొండ దానికి తెలియనే తెలియదు.

కొండ పాదం దగ్గర సిగ్నల్ అందకపోతే స్తంభం కొనేముందు వెనక్కి జరిగి చూడండి. గీతకంటే 200 మీటర్లు పైకొచ్చిన శిఖరానికి అటు 19 కిలోమీటర్లు, ఇటు కిలోమీటరే ఉంటే 29 డెసిబెల్స్ నష్టం, ఇటువైపు 5 కిలోమీటర్లకు జరిగితే 23. దూరం పెరిగినందుకు ఒకటిన్నర పోయినా లాభమే. కిలోమీటరు దగ్గరే ఉండి స్తంభం 10 మీటర్లు పెంచితే చుట్టూ ఉన్న చెట్లను దాటొచ్చు గానీ, కొండ నష్టం అర డెసిబెల్ కూడా తగ్గదు.