పెరటి పూలు నేర్చుకుందాం – 4వ పాఠం: కత్తెర పట్టేముందు మొగ్గను వెతకండి

కార్తీక పౌర్ణమి దాటింది. పొద్దున్నే డాబా ఎక్కితే మా నల్లగొండ లతీఫ్‌సాబ్ గుట్ట సగం మంచులోనే ఉంటోంది. పోయిన పాఠంలో చెల్కమట్టి (ఇసుక కలిసిన ఎర్రమట్టి), గొర్రె పెంట కలిపి కుండీలు నింపుకున్నాం. ఇప్పుడు చాలామంది ఇళ్లల్లో ఒకటే దిగులు. మల్లె ఆకులు పసుపుబారి రాలుతున్నాయి, చిగురు లేదు, చెట్టు చచ్చిపోతోందేమో అని. ఆ భయంతో రోజూ బిందెలకొద్దీ నీళ్లు పోస్తారు, గుప్పెడు యూరియా వేస్తారు. దయచేసి ఆగండి. చలికాలంలో మల్లె పోయేది చలికి కాదు, ఈ హడావుడికే. మన దగ్గర చలి ఎంత గట్టిగా ఉన్నా మల్లెను చంపేంత ఉండదు.

ముందు బతికుందో లేదో చూద్దాం. పెన్సిలంత లావున్న కొమ్మను బొటనవేలి గోటితో కొద్దిగా గీకండి. తొక్క కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మకు ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం కిందికి వచ్చి మళ్లీ గీకండి. పచ్చదనం ఎక్కడ మొదలైతే అక్కడిదాకా చెట్టు బతికున్నట్టే. ఈ ఒక్క పరీక్ష చేయక, మంచి చెట్లను పీకి పారేసిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక అసలు పాఠం. కత్తెర పట్టేముందు ఏ మొక్కనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: వచ్చే వసంతంలో పూసే మొగ్గ ఇప్పుడు ఎక్కడుంది? ఇంకా పుట్టని కొమ్మ మీద రావాలా, లేక ఉన్న కొమ్మలోనే దాక్కుని ఉందా? జవాబును బట్టే కత్తిరించాలా, చెయ్యి పెట్టకుండా వదిలేయాలా అన్నది తేలుతుంది.

గుండుమల్లె సంగతి చూడండి. దాని మొగ్గలు కొత్త చిగురు కొసనే వస్తాయి. పాత కొమ్మ ఎంత పొడుగున్నా లాభం లేదు, దాని పక్కల నుంచి కొత్త రెమ్మలు ఎన్ని వస్తే అన్ని గుత్తులు. అందుకే ముందు చెట్టును నిద్రపుచ్చి, తరువాత కత్తిరించి, ఆ తరువాత కడుపునిండా పెట్టి లేపాలి. ఈ వరస తప్పకూడదు.

నవంబరు ఆఖరి వారం దీనికి మంచి అదను. డిసెంబరు మొదటి వారం దాటనీయకండి. అంతకు పది రోజుల ముందు నుంచి నేలలో ఉన్న చెట్టుకు నీళ్లు ఆపేయండి. కుండీ అయితే పూర్తిగా ఎండగట్టొద్దు, చెల్కమట్టి తొందరగా ఆరిపోతుంది. ఆకులు వాలినట్టు కనిపిస్తే ఒక చెంబు పోస్తే చాలు. తరువాత ఎండు కొమ్మలు, పుల్లల్లాంటి సన్నవి, లోపలికి పెరిగి ఒకదాన్నొకటి రాసుకునేవి మొదలుకంటా తీసేయండి. మిగిలిన గట్టి కొమ్మలను నేల నుంచి మోకాలి ఎత్తులో, అంటే 45 నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర, కణుపుకు కొంచెం పైన ఏటవాలుగా కోయండి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర కొమ్మను నలిపేస్తుంది, నలిగిన చోట కుళ్లు పడుతుంది. మిగిలిన ఆకులు కూడా దూసేయండి. ఆ బోడి చెట్టును చూస్తే మనసు ఒప్పదు, నాకూ మొదట్లో ఒప్పేది కాదు. అయినా చేయాలి.

తరువాత వేర్లు తెగకుండా పైమట్టి గుల్ల చేసి, నేలలోని పెద్ద పొదకు పది కిలోల దాకా బాగా చివికిన పెంట, కుండీకైతే రెండు దోసిళ్లు వేసి, అప్పుడు నిండుగా నీళ్లు పోయండి. ఆ తరువాత పైమట్టి అంగుళం లోతు ఆరాకే మళ్లీ నీళ్లు. బోరు నీళ్లతో కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటే ఆ పొరను గీకి తీసేయండి. నెలకోసారి అడుగు నుంచి కారిపోయేదాకా నీళ్లు పోస్తే మట్టిలోని ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇళ్లల్లో ఈ బాధ తక్కువ. కుండీని మాత్రం ఆరుగంటలైనా ఎండ తగిలే చోటికి జరపండి. నీడలో మల్లె ఆకులు ఇస్తుంది కానీ పూలు ఇవ్వదు.

ఈ వానకాలంలోనే నాటిన పిల్ల మొక్కకు ఇదంతా వద్దు. కొసలు గిల్లితే చాలు.

ఒక ఏడు నేను ఈ పని వాయిదా వేస్తూ పోయి, శివరాత్రికి పది రోజుల ముందు కత్తెర పట్టాను. అప్పటికే కొత్త రెమ్మలు వచ్చి ఉన్నాయి, సన్నటి మొగ్గలు కూడా ఉండి ఉంటాయి, నేను సరిగ్గా చూడలేదు. అన్నీ కోసేశాను. ఆ ఉగాదికి మా ఇంట్లో మల్లెపువ్వు లేదు. పక్కింటి వాళ్లు దోసెడు పూలు ఇస్తే దేవుడికి పెట్టుకున్నాం. అందుకే తారీఖుల గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు రెండో రకం. మొగ్గ ఉన్న కొమ్మలోనే దాగి ఉండేవి. మనకు బాగా తెలిసింది మామిడి. వానకాలంలో వచ్చిన రెమ్మ ముదిరి, చలి రాత్రులు తగిలాక, దాని కొసనే పూత కడుతుంది. పెరట్లో మామిడి ఉంటే ఈ కాలంలో కొమ్మ ముట్టొద్దు. కొసలు కోస్తే పూత కోసినట్టే. కాయలు కోసుకున్నాక, జూన్, జులైలో కత్తిరించుకోవచ్చు. నీళ్లు కూడా పిందె పడేదాకా ఆపాలి. ఇప్పుడు తడి తగిలితే పూత బదులు ఆకు చిగురు తోసుకొస్తుంది.

మా అమ్మాయి మిషిగన్‌లో ఉంటుంది. అక్కడ నవంబరులో మొదలయ్యే మంచు మార్చిదాకా వదలదు. ఇంటి ముందు లైలాక్ అనే పొద ఉంది, ఊదారంగు గుత్తులు పూస్తుంది. మల్లెకు మనం చేసినట్టే చలికాలంలో కత్తిరిస్తానని ఫోన్‌లో అంది. వద్దని చెప్పాను. లైలాక్ మొగ్గలు కిందటి వేసవిలోనే కొమ్మ కొసల్లో తయారై, చలంతా అక్కడే ముడుచుకుని ఉంటాయి. దాన్ని పూలు రాలిన వెంటనే కత్తిరించాలి.

తను అక్టోబరులో తులిప్ గడ్డలు కూడా పాతింది, మొన ఉన్న వైపు పైకి పెట్టి, గడ్డ ఎత్తుకు మూడింతల లోతున. ఆ గడ్డను నిలువునా కోసి చూస్తే లోపల పసి పువ్వు అప్పటికే ఉంటుంది. దానికి కావాల్సింది చలి. మూడు నెలలకు పైగా చలిలో ఉంటేనే కాడ పొడుగు సాగుతుంది. చలి చాలకపోతే పువ్వు మట్టి దగ్గరే గిడసబారిపోతుంది. మంచు గడ్డల మీద దుప్పటిలా పడి, నేల మాటిమాటికి గడ్డకట్టి కరగకుండా కాపాడుతుంది. అందుకే అక్కడి వాళ్లు మంచు చూసి కంగారుపడరు, మంచు కరిగాక మొలక వస్తుందని ఎదురుచూస్తారు. ఆ గడ్డలను ఇక్కడికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి పూయించాలనుకునేవాళ్లకు ఒక మాట. యాపిల్ పండ్ల పక్కన పెట్టొద్దు. పండ్ల నుంచి వచ్చే గాలి లోపలి పువ్వును చంపేస్తుంది. నా మాట వింటే ఆ కష్టం అసలు పడొద్దు. మార్చి ఎండకు మన దగ్గర అవి నిలవవు.

మనకూ అలాంటి గడ్డ ఒకటి ఉంది, ఫుట్‌బాల్ లిల్లీ. చలికాలంలో ఆకులన్నీ ఎండిపోయి ఖాళీ కుండీలా కనిపిస్తుంది. అది చూసి మట్టి గుమ్మరించేస్తారు. అలా చేయకండి. కుండీ మీద పేరు రాసి, నీళ్లు ఆపి, వాన తగలని మూలన పెట్టండి. మే నెల ఎండల్లో, ఒకటి రెండు వానజల్లులు పడగానే, ఆకులకంటే ముందే ఎర్రటి బంతిలాంటి పువ్వు లేస్తుంది.

ఈ పాఠానికి పని ఇది. మీ పెరట్లోని ప్రతి మొక్క దగ్గర ఆగి, పువ్వు కొత్త రెమ్మకు వస్తుందా, పాత కొమ్మకు వస్తుందా నోట్‌బుక్‌లో రాయండి. తెలియకపోతే ఈ ఏడు కత్తిరించకుండా వదిలి, ఒక కొమ్మకు ఎర్ర దారం కట్టి, పూసినప్పుడు ఎక్కడ పూసిందో చూడండి. మల్లె కత్తిరించిన తారీఖు, మొదటి చిగురు కనిపించిన తారీఖు పక్కపక్కన రాసుకోండి. సంక్రాంతి తరువాత ఐదో పాఠంలో మొగ్గ తొలిచే పురుగు గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ రెండు తారీఖులు కావాలి.