పెమి లూప్ నడవాలంటే ముందు చీటీ రాసుకోండి

అమెరికాలో న్యూహాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌కి వెళ్లి పెమి లూప్ అనే బోర్డు కోసం వెతక్కండి. ఎప్పటినుంచో ఉన్న ఆరు ట్రైళ్లను, అంటే కొండల్లో నడక దారులను, కలిపి నడిచేవాళ్లు పెట్టుకున్న పేరది. మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. దారిలో బోర్డుల మీద ఏ ట్రైల్ పేరు దానిదే.

అందుకే పేర్లన్నీ వరసగా రాసి చొక్కా జేబులో పెట్టుకోండి: లింకన్ వుడ్స్, ఆసియో, ఫ్రాంకోనియా రిడ్జ్, గార్ఫీల్డ్ రిడ్జ్, ట్విన్‌వే, బాండ్‌క్లిఫ్, మళ్లీ లింకన్ వుడ్స్. మొదటిసారి నా చీటీ బ్యాగ్ అడుగున ఉండిపోయింది. గయో శిఖరం దగ్గర ట్విన్‌వే నేరుగా జీలండ్ శిఖరం వైపు పోతుంది, మనం కుడికి తిరిగి బాండ్‌క్లిఫ్ ట్రైల్ ఎక్కాలి. ఆ రోజు పొగమంచు. రాళ్లు పేర్చిన గుర్తులే చూసుకుంటూ నేరుగా వెళ్లిపోయాను. దారి దిగుతూనే ఉంటే అరగంటకి అనుమానమొచ్చింది. దిగిందంతా మళ్లీ ఎక్కాను. లాఫయెట్ శిఖరం మీదా ఇంతే జాగ్రత్త: ఎడమకి దిగే గ్రీన్‌లీఫ్ ట్రైల్ మనది కాదు, ఉత్తరంగా సాగిపోవాలి.

నేనైతే ఫ్లూమ్ శిఖరంతో మొదలుపెట్టి, గడియారం ముల్లు తిరిగే వైపే నడవమంటాను. మూడు రాత్రులకి లిబర్టీ స్ప్రింగ్, గార్ఫీల్డ్ రిడ్జ్, గయో క్యాంప్‌సైట్లు సరిపోతాయి. మూడింటి దగ్గరా ఊటలున్నాయి, నీళ్లు ఫిల్టర్ చేసుకునే తాగండి. లిటిల్ హేస్టాక్ శిఖరం నుంచి లాఫయెట్ దాకా నీళ్లూ లేవు, చెట్టు నీడా లేదు. పిడుగులు పడే సూచన ఉంటే ఆ రిడ్జ్, అంటే ఆ కొండ వెన్ను, ఎక్కొద్దు, ఇందులో మొహమాటం వద్దు.

గార్ఫీల్డ్ శిఖరం దాటాక దిగుడు నిటారుగా ఉంటుంది. బండల మీదుగా నీళ్లు పారుతుంటాయి, ఏది దారో ఏది వాగో తెలీదు. అక్కడ బండ వైపు ముఖం పెట్టి, చేతులు ఆనించి దిగండి. నడక కర్రలు ముందే మడిచి బ్యాగ్‌కి కట్టేయండి.

మధ్యలో ఒంట్లో బాగోకపోతే ఫాలింగ్ వాటర్స్, గార్ఫీల్డ్, గేల్ రివర్ ట్రైళ్ల మీదుగా దిగిపోవచ్చు. కానీ అవన్నీ కొండకి అవతలి పక్క రోడ్డుకి చేరతాయి, మన కారు ఉండేది లింకన్ వుడ్స్‌లో. అక్కడినుంచి ఎవరు తీసుకెళ్తారో బయల్దేరకముందే మాట్లాడి పెట్టుకోండి.

చివరి నడక ఒకప్పుడు దుంగలు మోసిన రైలు మార్గం. చదునుగానే ఉంటుంది గానీ పాత స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసిన దుంగలు, ఇంకా మట్టిలో ఉన్నాయి. వాటి ఎడానికి మన అడుగు కుదరదు, అలిసిన కాలు వాటికి తగిలి తడబడుతుంది. తొందరపడకుండా నడవండి. కారులో పొడి సాక్సులు, చెప్పులు ఉంచుకోండి.