ఉబుంటు సర్వర్‌లో డాకర్: పోస్ట్‌గ్రెస్ కంటైనర్ పెట్టడం, నడపడం

డాకర్ అంటే ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం. కంటైనర్‌ను ఎప్పుడు తీసి పారేసినా డేటా పోకూడదు. అందుకే పేరు, పోర్టు, డేటా ఉండే చోటు, రీస్టార్ట్ పద్ధతి మొదటి కమాండ్‌లోనే తేల్చుకోవాలి. ఇక్కడ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, వెర్షన్ 16 పెడదాం. కమాండ్లు పలికే తీరులో ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టండి. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెబుతాం.

సూడో ఏపీటీ అప్‌డేట్
సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ డాకర్.ఐఓ
సూడో డాకర్ రన్ హలో-వరల్డ్

మూడోది పలకరింపు సందేశం చూపిస్తే చాలు. స్నాప్‌లో (ఉబుంటులోని మరో ప్యాకేజీ పద్ధతి) దొరికే డాకర్ జోలికి పోవద్దు, హోమ్ ఫోల్డర్ బయట ఉన్న ఫైళ్లు దానికి అందవు. డాకర్ సంస్థ ఇచ్చే ప్యాకేజీ డాకర్-సీఈ ముందే ఉంటే, డాకర్.ఐఓ పెట్టకుండా దాన్నే వాడండి. రెండూ కలిపితే ప్యాకేజీలు గొడవపడతాయి.

ప్రతిసారీ సూడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) కొట్టకుండా ఉండాలంటే:

సూడో యూజర్‌మాడ్ -ఏజీ డాకర్ మీ_యూజర్‌నేమ్

ఇందులో జీ పెద్దక్షరం. 'ఏ' అనే అక్షరం మరిచిపోతే సూడోతో సహా మీ మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా 'పర్మిషన్ డినైడ్' అనే వస్తుంది. డాకర్ గ్రూపులో ఉన్నవాళ్ల చేతికి రూట్ అధికారం, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, వచ్చినట్టే కాబట్టి, అడిగిన ప్రతివాళ్లనీ చేర్చకండి.

ఇక అసలు కమాండ్, ఒకే లైన్‌లో:

డాకర్ రన్ -డీ --నేమ్ పీజీ --రీస్టార్ట్ అన్‌లెస్-స్టాప్డ్ --లాగ్-ఆప్ట్ మ్యాక్స్-సైజ్=10ఎం --లాగ్-ఆప్ట్ మ్యాక్స్-ఫైల్=3 -పీ 127.0.0.1:5432:5432 -ఈ పోస్ట్‌గ్రెస్_పాస్‌వర్డ్=మీ_రహస్యం -వీ పీజీడేటా:/వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/డేటా పోస్ట్‌గ్రెస్:16

'పోస్ట్‌గ్రెస్_పాస్‌వర్డ్' అంతా పెద్దక్షరాలే. ఆప్షన్లన్నీ ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే మూస, ఇక్కడ పోస్ట్‌గ్రెస్:16) పేరుకు ముందే రావాలి. తర్వాత రాసినది డాకర్‌కు కాక కంటైనర్ లోపలి ప్రోగ్రామ్‌కు పోతుంది. ట్యాగ్ (ఇమేజ్ పేరు తర్వాత వచ్చే వెర్షన్, ఇక్కడ 16) రాయకపోతే 'లేటెస్ట్' వస్తుంది. డేటాబేస్‌కు అది అస్సలు పనికిరాదు.

127.0.0.1 తీసేస్తే పోర్టు ఊరందరికీ తెరుచుకుంటుంది. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో అడ్డుకున్నాం కదా అనుకుంటారు గానీ, డాకర్ తన ఐపీటేబుల్స్ (లైనక్స్‌లో ట్రాఫిక్‌ను వడగట్టే) నియమాలు తానే రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ దాకా ఆ ట్రాఫిక్ వెళ్లదు.

లాగ్ ఆప్షన్లూ ఇప్పుడే పెట్టాలి. మామూలు అమరికలో లాగ్ ఫైలుకు హద్దు ఉండదు, డిస్క్ నిండేదాకా పెరుగుతుంది. కంటైనర్ తయారయ్యాక ఈ హద్దు మార్చడం కుదరదు.

పాస్‌వర్డ్ మార్చి మళ్లీ రన్ చేసినా పాతదే అడుగుతోందా? ఆ విలువను, వాల్యూమ్ (కంటైనర్ బయట డేటా ఉండే చోటు, ఇక్కడ పీజీడేటా) ఖాళీగా ఉన్న మొదటిసారే చదువుతుంది. ఆ తర్వాత ఆల్టర్ యూజర్ అనే ఎస్‌క్యూఎల్ కమాండ్‌తోనే మార్చాలి.

రోజువారీ పనికి డాకర్ పీఎస్ -ఏ, డాకర్ లాగ్స్ --టెయిల్ 50 పీజీ, డాకర్ ఎగ్జెక్ -ఐటీ పీజీ బాష్ సరిపోతాయి. ఆల్పైన్ (చిన్న సైజు లైనక్స్) ఇమేజ్‌లలో సాధారణంగా బాష్ ఉండదు, ఎస్‌హెచ్ వాడండి. ఆపిన కంటైనర్‌ను డాకర్ స్టార్ట్‌తో లేపాలి. రన్ కొడితే ఆ పేరు ఇప్పటికే వాడుకలో ఉందని ఎర్రర్ వస్తుంది.

కంటైనర్ తనంతట తాను పడిపోతే పీఎస్ -ఏలో ఎగ్జిట్ కోడ్ చూడండి. 127 అంటే కమాండ్ దొరకలేదు. 137 అంటే సిగ్‌కిల్ (బలవంతంగా ఆపే సంకేతం) వచ్చింది: ఎక్కువసార్లు మెమరీ చాలకే. అయితే డాకర్ స్టాప్ ఇచ్చిన 10 సెకన్లలో ప్రోగ్రామ్ ఆగకపోయినా 137యే వస్తుంది. 0 వచ్చిందంటే తప్పేమీ లేదు, లోపలి ప్రధాన ప్రోగ్రామ్ పని ముగిసింది, కంటైనర్ కూడా ముగిసింది.

16లోనే చిన్న అప్‌డేట్‌కు డాకర్ పుల్ పోస్ట్‌గ్రెస్:16, తర్వాత స్టాప్, ఆర్‌ఎం (కంటైనర్‌ను తీసేయడం), మళ్లీ అదే రన్ కమాండ్. 17కు మాత్రం ట్యాగ్ మారిస్తే చాలదు. పాత డేటా ఫైళ్లను కొత్త వెర్షన్ తెరవదు. ముందు డంప్ (డేటా మొత్తానికి నకలు) తీసి, కొత్త వాల్యూమ్‌లోకి ఎక్కించాలి:

డాకర్ ఎగ్జెక్ పీజీ పీజీ_డంప్‌ఆల్ -యూ పోస్ట్‌గ్రెస్ > బ్యాకప్.ఎస్‌క్యూఎల్

ఇక్కడ యూ పెద్దక్షరం.

డిస్క్ ఎక్కడ పోతోందో డాకర్ సిస్టమ్ డీఎఫ్ చెబుతుంది. పాత ఇమేజ్‌లకు డాకర్ ఇమేజ్ ప్రూన్ -ఏ భయం లేకుండా వాడొచ్చు, కావాలంటే మళ్లీ దించుకోవచ్చు. డాకర్ వాల్యూమ్ ప్రూన్ -ఏ అలాంటిది కాదు: ఏ కంటైనర్‌కూ తగిలించి లేని వాల్యూమ్‌లన్నిటినీ తుడిచేస్తుంది. అప్‌డేట్ మధ్యలో, ఆర్‌ఎంకీ రన్‌కీ నడుమ, పీజీడేటా కూడా సరిగ్గా ఆ జాబితాలోనే ఉంటుంది.