‘నగరం’ నుంచి కన్నడ ‘నగర’కు: తలకట్టు విడదీసి అక్షరాన్ని మార్ఫ్ చేసే పద్ధతి

మోషన్ గ్రాఫిక్స్ స్టూడియోలు కొన్నేళ్లుగా బొమ్మ కంటే అక్షరాన్నే ముందు పెడుతున్నాయి. అక్షరం లావెక్కుతుంది, సాగుతుంది, ఇంకో అక్షరంగా మారిపోతుంది; ఇలా రూపం సాఫీగా మారడమే మార్ఫ్. బెంగళూరులో పనిచేసే తెలుగు డిజైనర్‌కు ఇందులో పెద్ద వెసులుబాటు ఉంది. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే పాత లిపి నుంచి చీలినవి. మారతహళ్లిలో ఆంధ్రా మెస్ స్క్రీనైనా, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో ఉగాది వేడుకకు వేసే టైటిలైనా, రెండు భాషలూ కావాలనే అడుగుతారు. ఒకటి ఫేడ్ అయి ఇంకోటి రావడం ఎవరైనా చేస్తారు. అక్షరం కళ్ల ముందే తిరిగి పక్క భాష అక్షరమైతే మాత్రం నడిచి వెళ్లేవాళ్లు ఆగి చూస్తారు.

ఇక్కడ చేసేది ఆరు సెకన్ల లూప్. సెకనుకు 25 ఫ్రేములు, మొత్తం 150. ‘నగరం’ అనే తెలుగు మాట కన్నడ ‘నగర’గా మారి మళ్లీ తెలుగుకు వస్తుంది. యానిమేషన్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో. అక్షరాలు సిద్ధం చేసుకోవడానికి ఇల్లస్ట్రేటర్, అది లేకపోతే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ చాలు.

మాట ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. గ, న, ర అక్షరాల మొండెం రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే, తల మాత్రమే వేరు. తెలుగులో తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, కన్నడలో అడ్డగీతలా పడుకుని కుడి చివర వంపు తిరుగుతుంది. చూపించడానికి తగినంత మార్పు ఉంటుంది, చదవడానికి ఇబ్బంది రాదు. బ, ల, జ లకు రెండు చోట్లా తలకట్టు లేదు కాబట్టి మార్ఫ్ చేసినా కంటికి ఏమీ తెలియదు. క, త అయితే మొండెమే వేరు. వాటిని బలవంతంగా మార్ఫ్ చేస్తే మధ్యలో ఓ పది ఫ్రేములపాటు ఏ భాషదీ కాని ముద్ద కనిపిస్తుంది. క్లయింట్ పేరులో క, త తప్పనిసరైతే తలకట్టును మాత్రం మార్ఫ్ చేసి, మొండేన్ని రెండు ఫ్రేముల్లో కట్ చేయండి. ఆ రెండు ఫ్రేముల్లో పక్క అక్షరం కదులుతూ ఉంటే కట్ దొరకదు.

ఫాంటు రెండు లిపులకూ ఒకే కుటుంబంలోది కావాలి. గీత మందం, వంపుల తీరు కలవకపోతే ఎన్ని కీఫ్రేములు (ఏ ఫ్రేములో ఏ రూపమో చెప్పే గుర్తులు) పెట్టినా అతుకు తెలిసిపోతుంది. ఏక్ టైప్ వాళ్ల అనేక్ కుటుంబంలో అనేక్ తెలుగు, అనేక్ కన్నడ రెండూ ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మందం 100 నుంచి 800 వరకు, వెడల్పు 75 నుంచి 125 వరకు జరుపుకోవచ్చు. గుండ్రంగా, సరదాగా కావాలంటే బాలూ కుటుంబంలో తెలుగుకు తమ్ముడు, కన్నడకు తమ్మ ఉన్నాయి. ఈ పనికి అనేక్‌లో 600 మందం బాగా కుదురుతుంది. 300 కంటే తక్కువైతే మార్ఫ్ మధ్యలో గీత సన్నబడి తెగినట్టు కనిపిస్తుంది. 800లో ర కడుపు పూడుకుపోతుంది.

క్లయింట్ నుంచి తెలుగు మేటర్ ‘అను’ ఫాంట్లలో, కన్నడ మేటర్ ‘నుడి’లో (రెండూ యూనికోడ్ కాని పాత పద్ధతులు) వస్తే ముందు యూనికోడ్‌కు మార్చుకోండి. మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ చూసుకోవాలి, కన్వర్టర్లు ఎక్కువగా తప్పేది అక్కడే. కన్నడ మాటను కన్నడ చదివేవాళ్లకు ఒకసారి చూపించండి. లిపి పోలిక ఉంది కదా అని మనమే చదివేసుకుంటే గుణింతం తప్పు కంటపడదు.

ఇల్లస్ట్రేటర్‌లో టైప్ చేసేముందు పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. అది లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ‘నగరం’లో ఒత్తు లేదు కాబట్టి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకే ‘స్త్రీ’, ‘జ్ఞానం’, ‘లక్ష్మి’ టైప్ చేసి పరీక్షించుకోండి. ఇంక్‌స్కేప్‌లో ఈ బెడద లేదు. రెండు మాటలనూ ఒకే సైజులో, ఒకే బేస్‌లైన్ మీద పెట్టి, ఇల్లస్ట్రేటర్‌లో అయితే కంట్రోల్ షిఫ్ట్ ఓ కొట్టి అవుట్‌లైన్ చేయండి. అనేక్ వేరియబుల్ ఫాంటు (మందం, వెడల్పు జరుపుకోగల ఫాంటు) కాబట్టి ఒకే అక్షరంలో రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండొచ్చు. పాత్‌ఫైండర్‌లో యునైట్ నొక్కి కలిపేయండి. లేదంటే తర్వాత స్ట్రోక్ ఇచ్చినప్పుడు అక్షరం లోపల గీతలు బయటపడతాయి.

ఇప్పుడు అసలు పని. ప్రతి అక్షరాన్నీ తల, మొండెం అని రెండుగా కోయండి. ఈ ఒక్క అడుగు వదిలేయడం వల్లే ఎక్కువ మార్ఫ్‌లు పాడవుతాయి. అక్షరం మొత్తం ఒకే అవుట్‌లైన్ గీతగా, అంటే ఒకే పాత్‌గా ఉంటే, టిక్కు గుర్తు కొస దగ్గరి పాయింట్లు (గీత ఆకారాన్ని పట్టి ఉంచే బిందువులు) అడ్డగీత చివరకు చేరడానికి మొండెం మీదుగా అడ్డంగా వెళ్తాయి. గ నడుము పిండినట్టయిపోతుంది. విడదీస్తే మొండెం దాదాపు కదలకుండా నిలబడుతుంది, తల ఒక్కటే తిరుగుతుంది, చూసేవాళ్లు మొండెం ఆధారంగా చదువుతూనే ఉంటారు. తలకట్టు మొండేన్ని తాకే చోట కత్తెర వేసి, రెండు ముక్కలూ ఒకదాని మీదికి ఒకటి మూడు నాలుగు పిక్సెళ్లు ఎక్కేలా పెంచండి. సరిగ్గా అంచుకు అంచు పెడితే కదిలేటప్పుడు వెంట్రుకవాసి సందు మెరుస్తుంది. గుణింతం ఉన్న మాటలకూ ఇదే పద్ధతి. గుడి, ఎత్వం తలకట్టు స్థానంలోనే కూర్చుంటాయి కాబట్టి వాటినీ తలగానే లెక్కపెట్టండి.

కోశాక పాయింట్ల లెక్క చూడండి. తెలుగు తలలో 10 పాయింట్లుంటే కన్నడ తలలోనూ 10 ఉండాలి. తక్కువైన చోట పెన్ టూల్‌తో కలపండి, వంపుల కొసల్లో, పైన, కింద, ఎడమ, కుడి అంచుల్లో పెట్టండి. లెక్క కలవకపోయినా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తనకు తోచినట్టు సర్దుతుంది, కానీ ఆ సర్దుబాటులో వంపు మెలిపడుతుంది. ర విషయంలో బయటి గీతకూ లోపలి కడుపుకూ వేర్వేరు పాత్‌లుంటాయి. బయటిది బయటిదానికి, లోపలిది లోపలిదానికి జతచేయండి.

ఇల్లస్ట్రేటర్ ఫైలును (.ai) ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చి, లేయర్ మీద రైట్ క్లిక్ చేసి, క్రియేట్ షేప్స్ ఫ్రమ్ వెక్టర్ లేయర్ ఇవ్వండి. కన్నడ పాత్ ప్రాపర్టీని కాపీ చేసి, తెలుగు పాత్ మీద ఆఖరి కీఫ్రేమ్ దగ్గర పేస్ట్ చేస్తే మార్ఫ్ సిద్ధం. తొలిసారి ఆడించినప్పుడు అక్షరం సుడి తిరిగితే కారణం మొదటి పాయింట్. రెండు కీఫ్రేముల్లోనూ ఒకే చోట ఉన్న పాయింట్‌ను, ఉదాహరణకు ఎడమ అడుగు మూలది, ఎంచుకుని సెట్ ఫస్ట్ వర్టెక్స్ ఇవ్వండి. మొదటి పాయింట్ మిగతావాటికన్నా కాస్త పెద్దగా కనిపిస్తుంది, జూమ్ చేసి చూస్తే తెలుస్తుంది. అక్షరం లోపలిది బయటికి తిరగబడినట్టుంటే పాత్ దిశ ఎదురుగా ఉందని అర్థం, కన్నడ పాత్‌ను ఇల్లస్ట్రేటర్‌లోనే రివర్స్ చేసి మళ్లీ తెచ్చుకోండి.

టైమింగ్‌లో సున్నాకే ప్రధాన పాత్ర. కన్నడ మాటలో సున్నా లేదు కాబట్టి అది ఎటో పోవాలి. దాన్ని అక్కడికక్కడే చిన్నది చేసి మాయం చేస్తే చప్పగా ఉంటుంది. సున్నా ఒక ఉంగరం, ర మొండెమూ ఉంగరమే. 45వ ఫ్రేములో సున్నా ఎడమకు కదిలి, 55వ ఫ్రేముకల్లా ర వెనక్కి చేరి, అదే కొలతకు సరిపడి దానిలో కలిసిపోవాలి. దీనికి పాత్ కీఫ్రేములు అక్కర్లేదు, పొజిషన్, స్కేల్ చాలు. లేయర్లలో సున్నా ర కింద ఉండాలి. పూర్తిగా కప్పబడిన ఫ్రేములో ఒపాసిటీ సున్నా చేయండి. తాకిన మరుక్షణం ర మూడు ఫ్రేములపాటు అడ్డంగా 96, నిలువుగా 104 శాతానికి నొక్కుకుని మామూలు కావాలి. ఆ దెబ్బకే తలకట్లు తిరగడం మొదలైనట్టు చూసేవాళ్ల మనసు దానంతటదే ముడిపెట్టుకుంటుంది.

కాబట్టి వరస కుడి నుంచి ఎడమకు. ర తల 55 నుంచి 69, మొండెం 57 నుంచి 73. గ తల 58 నుంచి 72, మొండెం 60 నుంచి 76. న తల 61 నుంచి 75, మొండెం 63 నుంచి 79. తల రెండు ఫ్రేములు ముందు కదలడం ముఖ్యం, రెండూ ఒకేసారి కదిలితే యంత్రం లాగినట్టుంటుంది. 80 నుంచి 119 వరకు కన్నడ మాట నిలవాలి. 40 ఫ్రేముల కంటే తగ్గిస్తే చదవడం పూర్తికాదు. తిరుగు ప్రయాణం ఎడమ నుంచి కుడికి, కొంచెం వేగంగా: తలకు 10, మొండేనికి 12 ఫ్రేములు. న తల 120కి, గ తల 123కి, ర తల 126కి మొదలవుతాయి. చివర 138 నుంచి 148 వరకు సున్నా ర వెనక నుంచి బయటికి వస్తుంది.

సున్నా పోయాక మాట కురచబడి ఎడమకు ఒరిగినట్టు కనిపిస్తుంది. అన్నిటినీ కంటికి కనబడని ఖాళీ లేయర్ అయిన నల్‌కు పేరెంట్ చేసి, అంటే దానితో పాటే కదిలేలా కట్టి, 55 నుంచి 79 మధ్య, తగ్గిన వెడల్పులో సగం కుడికి జరపండి, వెనక్కి వచ్చేటప్పుడు తిరిగి ఎడమకు తెండి. లూప్ కోసం ప్రతి ప్రాపర్టీకీ 150వ ఫ్రేములో 0వ ఫ్రేము విలువే పెట్టి, రెండర్ మాత్రం 149తో ఆపాలి. 150 కూడా రెండర్ అయితే ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చి ప్రతి ఆరు సెకన్లకూ చిన్న కుదుపు తగులుతుంది.

కీఫ్రేములన్నిటికీ ఈజీ ఈజ్ (మొదలూ చివరా ఒకేలా నెమ్మదించే సెట్టింగ్) ఇచ్చి వదిలేయొద్దు. స్పీడ్ గ్రాఫ్‌లో బయల్దేరేటప్పుడు ఇన్‌ఫ్లుయెన్స్ 40 శాతం, ఆగేటప్పుడు 80 శాతం ఉంచండి. త్వరగా కదిలి నెమ్మదిగా కుదురుకుంటుంది. గెంతు కావాలనుకుంటే పాత్ మీద కాకుండా తల గ్రూపు రొటేషన్ మీద పెట్టండి: నాలుగు డిగ్రీలు దాటి వెనక్కి రావడం. తిరిగే కేంద్రం, అంటే యాంకర్ పాయింట్, తలకట్టు మొండేన్ని తాకే చోట ఉండాలి. గ్రూపు మధ్యలో ఉంటే తల ఊడి గాల్లో తిరుగుతుంది.

పరీక్ష ఒకటే. ప్రతి అక్షరాన్నీ సరిగ్గా సగం దారిలో ఆపి చూడండి. గీత మామూలు మందంలో సగం కంటే సన్నబడినా, రెండు గీతలు ఒకదాన్నొకటి దాటినా, అక్కడ చేత్తో సర్ది ఒక మధ్య కీఫ్రేమ్ పెట్టండి. ఒకటికి మించి అవసరమైతే పాయింట్ల జతలోనే లోపముంది, వెనక్కి వెళ్లి అది సరిచేయడమే తక్కువ పని.

ఇప్పుడు చాలా స్టూడియోలు ఇష్టపడుతున్న చేతిగీత రూపం కావాలంటే అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద పోస్టరైజ్ టైమ్ ఎఫెక్ట్‌ను సెకనుకు 12.5 ఫ్రేములకు పెట్టండి. ప్రతి బొమ్మా రెండు ఫ్రేములు నిలుస్తుంది. మాట నిలిచి ఉన్నప్పుడు ఊపిరి తీసుకున్నట్టు లావు సన్నమవడం కూడా అనేక్‌తో తేలిక. ఒకే అక్షరాన్ని 600, 700 మందాల్లో అవుట్‌లైన్ చేస్తే పాయింట్లు అదే లెక్కలో, అదే వరసలో వస్తాయి, వేరియబుల్ ఫాంటు పనిచేసేదే ఆ లెక్క మీద. ఆ రెండింటినీ మాత్రం యునైట్ చేయకండి, చేస్తే లెక్క చెదురుతుంది.

చివరికి ఎక్కడ ఆడుతుందో ముందే అడగండి. యాప్‌లోకి లాటీగా (యాప్‌లలో, వెబ్‌లో వెక్టర్ యానిమేషన్ ఆడించే ఫైలు రకం) వెళ్లాలంటే మర్జ్ పాత్స్ (పాత్‌లను కలిపే సెట్టింగ్) తీసేయండి, అన్ని ప్లేయర్లలోనూ అది పనిచేయదు. పోస్టరైజ్ టైమ్ కూడా లాటీలోకి రాదు. రీల్‌కైతే 1080కి 1920, అడుగున ఐదో వంతు ఖాళీ వదలండి, బటన్లు అక్కడే వస్తాయి. ఎల్ఈడీ గోడకు పిక్సెల్ పిచ్ (పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం) కనుక్కుని అసలు కొలతలోనే కాంప్, అంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కాన్వాస్, చేయండి. పీ4, అంటే 4 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న గోడ మూడు మీటర్లకు రెండు మీటర్లుంటే అది 750కి 500 పిక్సెళ్లే. అక్కడ రెండు పిక్సెళ్ల కంటే సన్నని గీత మిణుకుమంటుంది. కర్ణాటకలో నామఫలకంపై 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం వచ్చింది కాబట్టి, ఆ స్క్రీన్ నామఫలకంగానే వాడతారా లేక లోపల మెనూకా అన్నది కూడా కొటేషన్ ఇచ్చేముందే తేల్చుకోండి. దుకాణాల ముందు పరుగెత్తే పీ10 బోర్డులకు ఈ మార్ఫ్ తీసుకోకండి. ఒక మాడ్యూల్ 32కి 16 పిక్సెళ్లు, ఆ 16లో తలకట్టుకు మూడో నాలుగో దక్కుతాయి. అక్కడ తెలుగు, కన్నడ మాటలను వంతులవారీగా నేరుగా కట్ చేయడమే చదవడానికి బాగుంటుంది.