లెక్క ఎక్కడ తప్పుతోంది? మూడు నుంచి అయిదో తరగతి దాకా కొన్ని తప్పులు, వాటి సవరణలు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో సాయంత్రాలు కొంతమంది పిల్లలకు లెక్కలు చెబుతాను. "మా వాడికి లెక్కలు రావండీ" అంటూ తల్లిదండ్రులు నోటుపుస్తకం చేతిలో పెడతారు. నేను మార్కులు చూడను, ఒకే రకం తప్పు ఎన్నిసార్లు వచ్చిందో చూస్తాను. తప్పు ఒకే తీరున వస్తోందంటే పిల్లవాడు ఏదో నియమం పాటిస్తున్నాడన్నమాట. ఆ నియమం పట్టుకోకుండా మరో యాభై లెక్కలు ఇస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. "ఎలా చేశావో చెప్పు" అని అడిగి, మధ్యలో దిద్దకుండా వినండి.

కూడికలో జవాబు ప్రతిసారీ ఒకటి తక్కువ వస్తోంది (8 + 5 = 12)

కారణం వేళ్ల దగ్గర దొరుకుతుంది. "ఎనిమిది" అంటూనే మొదటి వేలు మడుస్తాడు. అయిదు వేళ్లూ ముడిచేసరికి పన్నెండు దగ్గర ఆగుతాడు. గచ్చు మీద సుద్దముక్కతో గడులు గీసి అంకెలు వేయండి. ఎనిమిదిలో నిలబెట్టి అయిదు గంతులు వేయించండి. మొదటి గంతు తొమ్మిదిలో పడుతుందని కాలికి తెలిశాక వేలికీ తెలుస్తుంది. వేళ్ల మీద లెక్క మాత్రం మాన్పించకండి. మా అమ్మమ్మ నెల పాల లెక్కంతా కణుపుల మీదే చూసేది, బొటనవేలితో ఎంచుకుంటే చేతికి పన్నెండు వస్తాయి మరి.

నూట ఇరవై అయిదును 10025 అని రాస్తోంది

విన్నది విన్నట్టే రాస్తోంది: నూరు, ఆ పక్కన ఇరవై అయిదు. చెవిలో లోపం లేదు, స్థానవిలువ ఇంకా కుదరలేదు. మూడు అట్టముక్కలు కత్తిరించండి. వెడల్పాటి దాని మీద 100, అంతకన్నా చిన్నదాని మీద 20, మరీ చిన్నదాని మీద 5. కుడి అంచులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పేరిస్తే 125 కనబడుతుంది. పై అట్టలు ఎత్తితే సున్నాలు కింద దాక్కుని ఉంటాయి. ఆ తర్వాత ఇరవై అట్ట తీసేసి 105 చేయించండి. మధ్య సున్నా ఎందుకు బయటపడిందో తనే చెబుతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఫోర్టీన్ అన్నప్పుడు నాలుగు ముందు వినబడుతుంది, అందుకని 41 వేస్తారు. పైగా ఫార్టీతో కలగాపులగం. అక్కడ తెలుగులో అనిపించండి. పద్నాలుగులో పదే ముందు వస్తుంది, రాసే వరుసా అదే.

52 − 27 = 35

అన్నిటికన్నా ఎక్కువగా కనబడే తప్పు ఇదే. దీనికి మూలం మనమే. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్" అని రెండో తరగతిలో నేర్పింది మనమే కదా. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశారు.

నా దగ్గరికి వచ్చే నాలుగో తరగతి అమ్మాయి ఇదే చేసేది. వాళ్లమ్మది కూరగాయల బండి. పది రూపాయల నోట్లు అయిదు, రూపాయి బిళ్లలు రెండు చేతికిచ్చి, "నాకు ఇరవై ఏడు ఇవ్వు" అన్నాను. రెండు నోట్లు పెట్టింది, రెండు బిళ్లలు పెట్టింది, ఆగిపోయింది.

"చిల్లర లేదు టీచర్."

"బండి దగ్గరైతే ఏం చేస్తావు?"

"పక్క బండి మామయ్య దగ్గర పది మార్పిస్తాను."

మార్చింది. పది బిళ్లలు వచ్చాయి. అందులోంచి అయిదు ఇచ్చి, తన ముందు మిగిలినవి చూసుకుంది: రెండు నోట్లు, అయిదు బిళ్లలు. అప్పుడు అదే పని కాగితం మీద చేయించాను. పదుల స్థానంలో 5 కొట్టేసి 4, ఒకట్ల స్థానంలో 2 కాస్తా 12. ప్రతి కొట్టివేతకూ ఏ నోటు ఎక్కడికి పోయిందో చెప్పమన్నాను. వారం రోజులు నోట్లూ కాగితమూ పక్కపక్కనే నడవాలి. నోట్లు తొందరగా లాగేస్తే పాత నియమం తిరిగి వస్తుంది.

"అప్పు తీసుకోవడం" అనే మాట నేను వాడడం మానేశాను. ఒకడు "ఎప్పుడు తీర్చాలి టీచర్?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు "చిల్లర మార్చు" అంటున్నాను. 502 లాంటి వాటిలోనూ ఇదే మాట పనికొస్తుంది. ముందు వంద నోటు మార్చి పది పదులు తెచ్చుకోవాలి, అందులో ఒక పది మళ్లీ మార్చాలి.

ఎక్కం గడగడా వస్తుంది, మధ్యలో అడిగితే రాదు

పాటలా పట్టుబడింది, అంతే. ఏడు ఎనిమిదులు ఎంతంటే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. తెలిసిన దాని నుంచి తెలియనిదానికి దారి చూపండి: ఏడు నాలుగులు 28, దాన్ని రెట్టిస్తే 56. ముప్పై గుడ్ల ట్రే చూపించి ఇటు నుంచి అయిదు ఆర్లు, తిప్పి ఆరు అయిదులు ఎంచమనండి. నేర్వాల్సినవి దాదాపు సగం తగ్గాయని తెలిస్తే ముఖం వెలిగిపోతుంది.

1/3 కన్నా 1/4 పెద్దదంటాడు, 1/2 + 1/2 = 2/4 అని రాస్తాడు

బ్రాడీపేట, అరండల్‌పేటల్లో చిరునామాను 4/14 అని రాస్తాం: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఒక పిల్లవాడు 3/4ను "మూడో లైను, నాలుగో అడ్డరోడ్డు" అని చదివాడు. నవ్వొచ్చింది గానీ, కారణం అందులోనే దొరికింది. వాడికి అది ఒక సంఖ్య కాదు, గీతకు అటూ ఇటూ రెండు సంఖ్యలు. అందుకే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడుతున్నాడు.

ముందు గీత పక్కన పెట్టి పావు, అర, ముప్పావు అనండి. పావు కిలో మిరపకాయలు అర కిలో కన్నా తక్కువని వాడికి ఎప్పుడో తెలుసు. "అర కిలో, అర కిలో కలిపితే ఎంత?" అంటే కిలో అంటాడు. అప్పుడు వాడు రాసిన 2/4 చూపించి, ఇది ఎన్ని పావులో అడగండి. రెండు పావులంటే అర కిలోయే కదా అని వాడే రబ్బరు వెతుక్కుంటాడు. తర్వాత ఒకే పొడవున్న కాగితపు పట్టీలను రెండు, మూడు, నాలుగు సమాన భాగాలుగా మడిపించి, ఒక్కో ముక్క పక్కపక్కన పెట్టించండి. కింది అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. 1/2 + 1/3 లాంటివి పట్టీని ఆరు సమాన భాగాలుగా మడవడం వచ్చాకే.