చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? సైకిల్ హ్యాండిల్ ఎత్తు ఇలా సరిచేసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒకే సైకిల్‌ని ఇంట్లో ఇద్దరు ముగ్గురు తొక్కడం మామూలే. అక్క సైకిల్ చెల్లికి వస్తుంది, నాన్న సైకిల్ కొడుక్కి వస్తుంది. సీటు ఎత్తో దించో సర్దుకుంటారు గానీ హ్యాండిల్ జోలికి ఎవరూ పోరు. మెడ పట్టెయ్యడం, నడుం లాగడం, వేళ్లు మొద్దుబారడం చాలాసార్లు అక్కడే మొదలవుతాయి.

హ్యాండిల్ ముట్టుకునే ముందు సీటు చూడండి. సీటు మీద కూచుని, అడుగుకి దిగిన పెడల్ మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. సీటు పైభాగం నేలకి సమంగా ఉండాలి. ముక్కు కిందికి వాలితే ఒళ్లు ముందుకి జారి బరువంతా చేతుల మీదికి వస్తుంది. అలాంటప్పుడు హ్యాండిల్‌ని ఎంత ఎత్తినా ఉపయోగం లేదు.

చేతులు తిమ్మిరి, మెడ నొప్పి

చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతుంటే అరచేతి బయటి అంచున ఉన్న నరం నొక్కుకుంటోంది. హ్యాండిల్ బాగా కిందికి ఉన్నా, గ్రిప్పు రబ్బరు అరిగి గట్టిపడినా ఇలా అవుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మణికట్టు వంగి ఉంటోందేమో చూడండి. తిన్నని హ్యాండిల్ ఉన్న సైకిళ్లలో బ్రేకు లివర్లని కొంచెం కిందికి తిప్పి, ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే వరసలోకి తెస్తే చాలావరకు తగ్గుతుంది.

మెడ, నడుం నొప్పికి కారణం హ్యాండిల్ కిందికి ఉండటమో, దూరంగా ఉండటమో. రోజూ తిరిగే సైకిల్‌కి గ్రిప్పులు సీటుతో సమానంగానో, రెండు మూడు సెంటీమీటర్లు పైకో ఉంటే హాయి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కాస్త వంగే ఉండాలి. అలా కాకుండా భుజాలు చెవుల దగ్గరికి వెళ్తున్నాయంటే హ్యాండిల్ మరీ ఎత్తయిందని అర్థం. ఎత్తినా దించినా ఒకసారికి ఒక సెంటీమీటరే మార్చండి. రెండు మూడు రోజులు తొక్కి చూశాకే మళ్లీ పానా పట్టండి.

బోల్టు వదులు చేసినా హ్యాండిల్ కదలదు

మామూలు సైకిల్ హ్యాండిల్ కాడ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. దాని నడినెత్తిన ఉన్న పొడవాటి బోల్టు, అడుగున ఏటవాలుగా ఉన్న ఇనుప ముక్కని పైకి లాగుతుంది. ఆ ముక్క గొట్టం గోడకి ఒరుసుకుని బిగుస్తుంది. బోల్టు వదులు చేసినా ముక్క అక్కడే ఇరుక్కుని ఉంటుంది. అందుకే హ్యాండిల్ కదలదు.

బోల్టుని పూర్తిగా విప్పేయకండి. రెండు మూడు చుట్లు తిప్పితే దాని తల కొంచెం పైకి లేస్తుంది. తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టండి. ముక్క కిందికి జారిన చప్పుడు వినిపిస్తుంది, బోల్టు తల తిరిగి కాడకి ఆనుతుంది. అప్పుడు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి.

కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ వైపు ఉప్పుగాలికి ఈ కాడలు బేగి తుప్పు పడతాయి. అప్పుడు కాడ గొట్టంలోకి దిగే చోట తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలెయ్యండి. పొడవాటి పైపు తొడిగి మెలిపెడితే ఫోర్కు వంగుతుంది, ఆ పని చెయ్యకండి. కాడ బయటికి వచ్చాక తుప్పు గీకి, కాడకీ బోల్టు మరలకీ పల్చగా గ్రీజు రాస్తే మళ్లీ పట్టెయ్యదు.

ఎంతవరకు ఎత్తొచ్చు?

కాడ మీద అడ్డంగా ఒక గీత గానీ, సన్నని గాట్ల వరస గానీ ఉంటుంది. అది బయటికి కనబడకూడదు. గీత చెరిగిపోయిన పాత కాడ అయితే కనీసం నాలుగు వేళ్ల వెడల్పు, అంటే సుమారు ఏడు సెంటీమీటర్లు, లోపలే ఉండాలి. ఫోర్కు గొట్టానికి పైన మరలు కోసి ఉంటాయి, అక్కడ గోడ పల్చన. ఏటవాలు ముక్క ఆ మరల దగ్గర బిగిస్తే గొట్టం పగులుతుంది. హైవే మీద లారీ పక్క నుంచి పోతుండగా హ్యాండిల్ చేతిలోకి ఊడి వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? గీత దాకా లేపినా ఎత్తు చాలకపోతే పొడవు కాడ ఉన్న హ్యాండిల్ కొనుక్కోండి.

ఎత్తు మార్చాక బ్రేకు పట్టేసింది, లేదా పడటం లేదు

ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. రాడ్డు బ్రేకు సైకిల్‌లో లివర్లు హ్యాండిల్‌కే ఉంటాయి కాబట్టి దాన్ని పైకి లాగితే రాడ్లు కూడా పైకి వస్తాయి. బ్రేకు రబ్బర్లు రిమ్ముకి రాసుకుని చక్రం బరువుగా తిరుగుతుంది. హ్యాండిల్ దించితే ఇంకా ప్రమాదం: రబ్బర్లు కిందికి జారిపోతాయి, లివరు చివరిదాకా నొక్కినా బండి ఆగదు.

రాడ్డుకి రాడ్డు కలిసే చోట చిన్న నట్టు ఉంటుంది. దాన్ని వదులు చేసి, రబ్బరుకీ రిమ్ముకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వచ్చేలా జరిపి బిగించండి. ముందుదీ వెనకదీ రెండూ చూడాలి. చక్రం ఎత్తి తిప్పితే చప్పుడు లేకుండా తిరగాలి, లివరు సగం నొక్కేసరికి ఆగాలి.

వైరు బ్రేకు అయితే హ్యాండిల్‌ని ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి చూడండి. తిప్పినప్పుడు వైరు లాగి బ్రేకు తనంతట తనే పడుతుంటే ఆ ఎత్తుకి వైరు చాలదు. పొడవు వైరు వేయించండి.

హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఒకవైపు

కారణం బోల్టు వదులు. ఇంట్లో టైల్స్ ఉంటే ముందు చక్రాన్ని రెండు టైల్స్ మధ్య గీత మీద నిలబెట్టండి. పైనుంచి చూస్తే హ్యాండిల్ ఆ గీతకి సరిగ్గా అడ్డంగా ఉండాలి. బిగించాక చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని గట్టిగా తిప్పండి, కదలకూడదు. బిగించినా జారుతూనే ఉంటే బోల్టు మరలు అరిగి ఉంటాయి, లేదా గొట్టం లోపల ఉబ్బి ఉంటుంది. ఇక తొక్కకుండా షాపుకి నడిపించుకుని వెళ్లండి.

ముందు బ్రేకు పడితే టక్ టక్ మంటోంది

ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. ఫోర్కు పైభాగంలో ఆట, అంటే వదులు కదలిక, తెలిస్తే కోన్లు (హ్యాండిల్ తిరిగే చోట బేరింగుల్ని పట్టి ఉంచేవి) వదులయ్యాయి. పై కోన్ కాస్త బిగించి, దాని మీది లాకు నట్టు వేయండి. మరీ బిగిస్తే హ్యాండిల్ తిప్పడమే కష్టమవుతుంది.

చాలా గేర్ల సైకిళ్లలో కాడ ఫోర్కు గొట్టాన్ని బయట నుంచి పట్టుకుంటుంది. పక్క బోల్టులు రెండూ ముందు వదులు చేయాలి, తరవాతే పై మూత బోల్టు. ఎత్తు మార్చేది కాడ కింద ఉన్న రింగులే. బిగించేటప్పుడు ముందు పై మూతని ఆట పోయేవరకు, తరవాత పక్క బోల్టుల్ని ఒకదాని తరవాత ఒకటి కొంచెం కొంచెంగా. కాడ మీద ఎంత బిగించాలో చెప్పే అంకె రాసి ఉంటే అంతకు మించి బిగించకండి.

గ్రిప్పు చిరిగి గొట్టం అంచు బయటపడితే వెంటనే మార్చండి. పిల్లలు పడినప్పుడు ఆ అంచు కడుపులో దిగుతుంది. కూరల సంచీ, పాల క్యాను హ్యాండిల్‌కి ఒకవైపు తగిలించకండి, వెనక క్యారేజీకి కట్టండి. పడి వంగిన అల్యూమినియం హ్యాండిల్‌ని తిన్నగా చేయించడం వద్దు, కొత్తది వేయండి.

అన్నీ అయ్యాక ముందు ఇంటి వీధిలోనే నెమ్మదిగా తొక్కి, రెండు బ్రేకులూ వేసి చూడండి. వారం తరవాత బోల్టుని ఇంకోసారి పానాతో పట్టి చూడండి.